వంతెన మీద అరనిమిషం

పోయినవారం నేను కుర్చీ తన్ని లేచిపోయిన చోట ఆపాను. ఎందుకు తన్నానో మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం, పటాలకి ఫ్రేములు కట్టే దుకాణం మేడమీద గదిలో మేం ఐదుగురం ఒక ఆట ఆడుతున్నాం. ఒక బల్ల, గుప్పెడు పాచికలు, తలా ఒక కాగితం, నోటితో అల్లుకునే కథ. మా బావ సూత్రధారి. కొండలూ శత్రువులూ గాలివానలూ అన్నీ బావ నోట్లోంచే వస్తాయి. మిగతా నలుగురం ఆ కథలో తలా ఒక మనిషిగా తిరుగుతాం. పోయిన ఆదివారం ఆట ఆపేసరికి మా చెల్లి ఆడే మంత్రగత్తె తెగిపోతున్న వంతెన మీద మిగిలిన ఆఖరి పలకపై నిలబడి ఉంది. సరిగ్గా అప్పుడు బావ జేబులోంచి ఇసుక గడియారం తీసి బల్ల మీద పెట్టాడు. వచ్చేవారం నుంచి ఎవరి వంతుకి వాళ్ళు ఈ అరనిమిషంలో నోరు విప్పాలన్నాడు.

మా చెల్లికి నత్తి.

అంతే, నాకు ఒళ్ళు మండిపోయింది. కుర్చీ వెళ్ళి గోడకి కొట్టుకుంది.

ఆ వారమంతా ఆ మంట చల్లారలేదు. నేను కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. బుధవారం నాడు ఎవరో పెద్దాయన కింది పళ్ళసెట్టుకి పైదవడ దంతాలు అతికించి కూర్చున్నాను. మా యజమాని దాన్ని వేలితో ఎత్తి పట్టుకుని, ఇది పెట్టుకుంటే ఆయన నవ్వాలంటే తలకిందులుగా నిలబడాలమ్మా అన్నాడు. ఇంకో రోజైతే నవ్వేదాన్నే. ఆ రోజు మాత్రం అది కూడా బావ ఖాతాలోనే వేశాను.

అన్నిటికన్నా కడుపుమంట ఏమిటంటే, ఆ గడియారం నాది. పళ్ళ అచ్చు తీసే పిండి అరనిమిషంలో కలిపెయ్యాలి, లేకపోతే గట్టిపడిపోతుంది. దానికోసం ల్యాబులో వాడే గడియారాల్లో ఒకటి నేనే తెచ్చి బావకిచ్చాను. మన ఆటలో నర్సక్క ఒక్కో వంతుకి పావుగంట ఆలోచిస్తుంది, ఆమె కోసం ఉంచు అని నవ్వుతూ ఇచ్చాను. చేతులారా ఇచ్చాను.

ఆదివారం నేనే అందరికన్నా ముందు వెళ్ళాను. గదంతా కింది దుకాణం నుంచి వచ్చే చెక్కపాలిష్ వాసన. ఆ దుకాణంలోనే మా చెల్లి గాజుపలకలు కోస్తుంది. ఆమె గీత గీసి విరిస్తే అంచు మీద వేలు పెట్టి తుడవచ్చు, తెగదు. బల్ల మీద వంతెన అలాగే ఉంది, ఐస్‌క్రీం పుల్లలూ పురికొసా కలిపి కట్టింది. దాని మీద నేను ల్యాబులో మిగిలిన ప్లాస్టర్‌తో పోసిన బొమ్మలు. ఇవతలి గట్టున గొడ్డలి పట్టుకున్న కాపలాదారు నా మనిషి. నడుముకి కట్టిన దారం పన్నెండు అడుగుల తాడన్న లెక్క. ఆ దారం రెండో కొస చెల్లి మంత్రగత్తె నడుముకి. ఆ తాడు కట్టింది కూడా నేనే.

బావ మెట్లెక్కి వచ్చాడు. లిఫ్టు మెకానిక్కు, గోళ్ళ సందుల్లో గ్రీజు ఆదివారం కూడా పోదు. వెనక లెక్కల మాస్టారు. రిటైరైన మనిషి, మా ఆట రూల్సన్నీ నీలం అట్ట రిజిస్టరులో ఎర్రసిరాతో రాసి ఉంచుతాడు. తరువాత నర్సక్క, మా చెల్లి చిన్ని. అందరికన్నా వెనకాల మెడికల్ షాపాయన. ఆయన ఆడడు. గోడవారన స్టూలు మీద కూర్చుని చూస్తాడు, ఎప్పుడు కుర్చీ ఖాళీ అవుతుందా అని. కొత్త పాచికలు కొనుక్కుని జేబులో వేసుకుని తిరుగుతున్నాడని నాకు తెలుసు. కదిలితే గలగలమంటాయి.

కుర్చీ సంగతి చెప్పకపోతే నా కోపం మీకర్థం కాదు. మా బల్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. కథలో నీ మనిషి చచ్చిపోతే కాగితం చింపెయ్యాలి, కుర్చీ వదిలెయ్యాలి. ఆ కథ ముగిసేదాకా మళ్ళీ కూర్చోకూడదు. ఈ కథ మొదలై పద్నాలుగు నెలలైంది, ఇంకో ఏడాదైనా నడుస్తుంది. అవతలి గట్టున దీపస్తంభం ఉంది, అది వెలిగిస్తేనే కోట తలుపు తెరుచుకుంటుంది. ఇప్పుడు చెల్లి నిలబడిన పలక ఈ చుట్టు పూర్తయ్యేసరికి విరుగుతుంది. తన వంతులో ఏదో ఒకటి చెయ్యకపోతే మంత్రగత్తె లోయలోకి పోతుంది. కాగితం చింపుతారు, కుర్చీలో మెడికల్ షాపాయన కూర్చుంటాడు. మా చెల్లి ఆదివారాలు కూడా మా ఇంటి కిటికీ దగ్గర గడుస్తాయి.

"గడియారం తీసెయ్ బావా," అన్నాను.

"కూర్చో ముందు."

"తీసేస్తే కూర్చుంటా."

బావ తియ్యలేదు. చల్లగా తన అట్టతెర నిలబెట్టుకుని, దాని వెనక పాచికలు సర్దుకుంటున్నాడు. ఆ నిదానం చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీకేమైనా మతిపోయిందా? దాని సంగతి నీకు కొత్తగా తెలిసిందా? చిన్నప్పుడు మనింట్లో అన్నం దగ్గర అది నీళ్ళు అడగడానికి ఎంతసేపు పట్టేదో చూడలేదూ? అరనిమిషంలో చెప్పాలట. ఎవరికి పెట్టావు ఈ రూలు? నర్సక్కకా, మాస్టారికా? దానికే పెట్టావు. సాగనంపాలనుకుంటే మొహం మీద చెప్పు, ఇలా ఇసుక పోసి చెప్పడం దేనికి?"

"మాస్టారు రూలు చదువుతారు, విను," అన్నాడు బావ.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని రిజిస్టరు తెరిచాడు. "కొత్త నియమం. సూత్రధారి వంతు పిలిచాక, ఇసుక అయిపోయేలోగా ఆటగాడు చెప్పడం..."

"తెలుసు మాస్టారూ, పోయినవారమే విన్నాను."

"పూర్తిగా వినమ్మా. ఇందులో రెండో..."

"రెండోది ఏముంటుందండీ? మొదటిదే మెడకాయ కోస్తుంటే?"

మాస్టారు వేలు ఆ పేజీలోనే ఉంచి రిజిస్టరు మూశాడు. నర్సక్క టీ ఫ్లాస్కు మూత తిప్పుతూ, "కొంచెం నిదానించవే తల్లీ," అంది. నేను నిదానించలేదు. చెల్లి ఏం చేస్తోందని మీరు అడగవచ్చు. నేనైతే ఆ క్షణాన చూడలేదు. తల వంచుకుని తన పెన్సిలు చెక్కుకుంటూ ఉందని నర్సక్క తరువాత చెప్పింది.

"వారమంతా దాని గొంతు వినపడేది ఈ ఒక్క కుర్చీలోనే," అన్నాను. "దుకాణంలో కొలతలు చీటీ మీద రాసిస్తుంది. బస్సులో నేను చెబుతాను. డాక్టరు దగ్గర నేను చెబుతాను. ఈ కుర్చీ కూడా లాగేస్తే ఇక దానికేం మిగిలింది?"

బావ తెర వెనకనుంచి తలెత్తాడు. నన్ను చిన్నప్పటినుంచీ ప్లీడరమ్మా అని పిలుస్తాడు, ఎవరి తగువైనా నెత్తిన వేసుకుంటానని. ఆ రోజు ఆ పిలుపులో వెక్కిరింపు లేదు.

"ప్లీడరమ్మా, ఈ కుర్చీలో వినపడేది చిన్ని గొంతేనా?"

"మరెవరిది?"

"మాస్టారూ, ఈ వంతెన ఎక్కినప్పటినుంచి చిన్ని వంతులెన్ని?"

మాస్టారికి లెక్కలు అడిగితే మొహమాటం ఉండదు. ఎవరి వంతులో ఏం జరిగింది, ఎవరు చెప్పారు, అన్నీ రాస్తాడు. రెండు పేజీలు తిప్పి, వేలితో కిందికి జారుతూ లెక్కపెట్టాడు. "పదకొండు."

"అందులో తను చెప్పినవి?"

"మొదలుపెట్టినవి పదకొండు." ఆగి నావైపు చూశాడు. "పూర్తి చేసింది మాత్రం నువ్వేనమ్మా. పదకొండూనూ."

నిజం చెబుతాను. సిగ్గుపడాల్సిన చోట నాకు ఇంకా కోపం వచ్చింది. వీళ్ళంతా కూడబలుక్కున్నారనుకున్నాను. స్కూల్లో హాజరు పిలిస్తే చెల్లి నోరు తెరిచి అలాగే ఉండిపోయేది, వెనక బెంచీలు నవ్వేవి. నా తరగతి పక్కనే. కిటికీలోంచి నేను అరిచేదాన్ని, వచ్చింది టీచర్ అని. ఆ నవ్వులు నా చెవుల్లో ఇంకా ఉన్నాయి. అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని చెప్పింది కూడా అదే, దాని నోరు నువ్వేనే అని. ఇరవయ్యేళ్ళు ఆ చాకిరీ చేసినదాన్ని పట్టుకుని రిజిస్టరు చూపిస్తున్నారు.

"మీకు వినే ఓపికలేక నేను చెప్పాను," అన్నాను.

"మాకుంది," అన్నాడు బావ. "నీకే లేదు."

గోడవారన పాచికలు గలగలమన్నాయి. మెడికల్ షాపాయన కాలు మీద కాలు మార్చుకున్నాడు, పాపం అంతే.

"మీరేమీ తొందరపడకండి," అన్నాను ఆయనతో. "ఆ కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది."

"నేనేమన్నానండీ?" అన్నాడాయన.

బావ గడియారం తిప్పాడు. "వంతు చిన్నిది."

ఇక్కడ ఆట రూలు ఒకటి చెప్పాలి, లేకపోతే తరువాత జరిగింది అంతుపట్టదు. మాలో ఒక్కొక్కరికి తమ వంతులో ఒక పని, ఒక చిన్నపని, ఒక నడక. మంత్రం వేయడం పని, గొడ్డలి దెబ్బ పని. కత్తి దూయడం, గొళ్ళెం తియ్యడం చిన్నపనులు. ఎదుటివాళ్ళ వంతులో హఠాత్తుగా ఏదైనా జరిగితే చటుక్కున అడ్డుకోవడానికి ఎదురుపని ఒకటి. మంత్రానికి నోరూ, ఖాళీ చెయ్యీ రెండూ కావాలి. ఇవి కాక కాపుమంత్రం అని ఉంది. ఫలానాది జరిగితే ఈ మంత్రం పడుతుంది అని చీటీ రాసి, మడిచి, పాచికల గిన్నె కింద పెట్టుకోవచ్చు. చీటీ పెట్టగానే ఆ మంత్రం ఖర్చు. నీ తరువాతి వంతులో నువ్వు నోరు విప్పేలోగా ఆ ఫలానాది జరగకపోతే వృథా. పోయినవారం చెల్లికి రెండే మంత్రాలు మిగిలి ఉంటే, అందులో ఒకటి చీటీ రాసి గిన్నె కింద పెట్టింది. లోయలోంచి లేచే రాబందుల కోసమని అందరం అనుకున్నాం. నేనైతే బలే పిల్లవి అని వీపు కూడా తట్టాను.

ఇసుక జారుతోంది. చెల్లి పెన్సిలు కింద పెట్టింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మెడ నరం బిగుసుకుంది. ఆ నరం నాకు నా అరచేతికన్నా ఎక్కువ తెలుసు. పావువంతు ఇసుక పడింది. ఇంకొంచెం పడింది. నా వల్ల కాలేదు.

"దాని వంతు నేను చెబుతున్నా రాసుకోండి మాస్టారూ," అన్నాను. "మంత్రగత్తె వెనక్కి తిరిగి తాడు పట్టుకుంటుంది. నా కాపలాదారు లాగుతుంది. ఇవతలి గట్టుకి వచ్చేస్తుంది. అయిపోయింది. గడియారం తీసి మీ మొహాన..."

చెల్లి చెయ్యి చాపి గిన్నె బోర్లించింది. గిన్నె కింది చీటీని రెండు వేళ్ళతో మాస్టారి ముందుకి నెట్టింది.

బావ గడియారాన్ని పక్కకి పడుకోబెట్టాడు. ఇసుక ఆగింది. మాస్టారు మడత విప్పి, ముందు తనలో చదువుకుని, తరువాత పైకి చదివాడు.

"అక్క నా బదులు నా వంతు చెబితే, అక్క మనిషి మీద మౌనమంత్రం."

కింద రోడ్డు మీద ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ఇది చెల్లదు," అన్నాను. "నేను మాట్లాడాను, నా కాపలాదారు కాదు."

"బల్ల దగ్గర అన్నమాట కథలో అన్నట్టే. మూడో పేజీ," అన్నాడు మాస్టారు. "తను ఇంకా నోరు విప్పలేదు కాబట్టి చీటీ చెల్లుతుంది. మంత్రం పడింది."

"పడితే మాత్రం..."

నర్సక్క నా మోచెయ్యి పట్టుకుంది. "మౌనం పడినవాళ్ళు బల్ల దగ్గర కూడా మాట్లాడకూడదే. తమ వంతు వచ్చేదాకా. నేను సలహాలు చెప్పి చంపుతున్నానని ఆ రూలు పెట్టించింది నువ్వే."

నేనే. గుర్తుంది. బల్ల గుద్ది మరీ పెట్టించాను. మాట్లాడితే ఆ మనిషికి తరువాతి వంతు ఉండదన్న ముక్క కూడా నాదే. నాకు వంతు పోతే తాడు పట్టుకునేవాళ్ళుండరు. నోరు మూసుకున్నాను. పళ్ళు గట్టిగా బిగించాను, ఇలా బిగించి విరగ్గొట్టుకున్నవాళ్ళ వల్లే మా ల్యాబు నడుస్తుంది. చెల్లి మీద నాకు జీవితంలో మొదటిసారి కోపం వచ్చింది. చిన్నపాటి కోపం కాదు. ఇరవయ్యేళ్ళు హాజరు పలికిన నోటికి అది చీటీ అంటించింది.

"ఇప్పుడు చదవండి మాస్టారూ, రెండో వాక్యం," అన్నాడు బావ.

మాస్టారు రిజిస్టరు తెరిచి నావైపు తిప్పాడు. ఎర్రసిరా కాదు. గాజు మీద గుర్తులు పెట్టే మెత్తటి నల్లపెన్సిలు. గుండ్రటి అక్షరాలు. ఆ చేతిరాతతో వచ్చిన చీటీలు మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు నిండా ఉన్నాయి.

ఇసుక అయిపోయేలోగా ఆటగాడు చెప్పడం మొదలుపెట్టాలి. మొదలుపెట్టాక, పూర్తయ్యేదాకా ఎంతసేపైనా సరే, బల్ల దగ్గర ఇంకెవరూ నోరు తెరవకూడదు.

"నెలరోజుల కింద రాసి నాకిచ్చింది," అన్నాడు బావ. "నీకు చెప్పమన్నాను. చెబితే పూర్తి కానివ్వదు బావా అని రాసి చూపించింది."

నేను చెల్లివైపు చూశాను. అది నావైపు చూడలేదు. తనే చెయ్యి చాపి గడియారం లేపి నిలబెట్టింది. మిగిలిన ఇసుక జారడం మొదలైంది.

"గా," అంది. ఆగింది. "గా... గా..."

నాకా మాట తెలుసు. నా నాలుక మీదే ఉంది. అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఇసుక అయిపోయింది. ఎవరూ కదల్లేదు. నర్సక్క టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి అక్కడే ఉంది. బావ గోళ్ళలో గ్రీజు చూసుకుంటున్నాడు. మాస్టారు సిరాపెన్ను మూత తీసి పట్టుకుని, వయసైన మనుషులు ఎండలో కూర్చున్నట్టు తీరిగ్గా కూర్చున్నాడు. వీళ్ళకి ఇంత ఓపిక ఉందని రెండేళ్ళలో నాకు తెలియలేదు. తెలిసే అవకాశం నేను ఇవ్వలేదు.

"గాలి అడుగు," అంది చెల్లి.

ఆఖరి మంత్రం. పాచిక కలిసొస్తే గాలి మీద మూడు అంగలు నడిపిస్తుంది. లెక్క వేసుకున్నాను. పలక నుంచి అవతలి గట్టుకి సరిగ్గా మూడు అంగలు. కానీ తాడు పన్నెండు అడుగులు, అది పలక దగ్గరికే అయిపోయింది. తాడుండగా అడుగు కూడా ముందుకి పడదు.

"అది... నా ప... పని," అంది. మెల్లగా, ఒక్కో మాటనీ గీత గీసి విరిచినట్టు. "చి... చిన్నపని. తా... తాడు..." మెడ నరం బిగుసుకుంది, వదిలింది. "తాడు కోసేస్తాను."

మాస్టారి పెన్ను కాగితం మీద కరకరమంది. బావ అట్టతెర పక్కకి జరిపాడు. ఇలాంటి చోట సూత్రధారి ఒకేఒక్కసారి అడుగుతాడు, ఆ తరువాత మార్చుకోవడం ఉండదు.

"ఖాయమా చిన్నీ? ఇరవై ముఖాల పాచిక. పదకొండు, ఆ పైన పడితే అవతలి గట్టు. పది, ఆ లోపు పడితే లోయ. తాడుండదు, లాగేవాళ్ళుండరు."

"ఖాయం," అంది. ఆ మాట ఎక్కడా తడబడలేదు.

గోడవారన మెడికల్ షాపాయన లేచి నిలబడ్డాడు. ఆశతో కాదు. ఆయన చెయ్యి జేబులో పాచికల్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంది, గలగలమనకుండా.

బావ నావైపు తిరిగాడు. "ఇంకొకటి ఉంది. తాడు రెండో కొస నీ మనిషి నడుముకుంది. నీ ఎదురుపని ఇంకా మిగిలే ఉంది. కత్తి పడేలోగా లాగొచ్చు. లాగావంటే చిన్ని ఇవతలి గట్టుకి వచ్చి పడుతుంది. బతుకుతుంది, కుర్చీ ఉంటుంది, పాచిక వెయ్యక్కర్లేదు. మంత్రం మాత్రం వృథా, ఆమె చెప్పింది చెప్పనట్టే. నీకు నోరు లేదు కాబట్టి, లాగాలనుకుంటే బల్ల మీద చెయ్యి కొట్టు. వద్దనుకుంటే చేతులు ఒళ్ళో ఉంచుకో."

గడియారం తిప్పి నా ముందు పెట్టాడు. నా గడియారం. పిండి గట్టిపడకముందే అచ్చు తియ్యడానికి నేను తెచ్చిన గడియారం.

చెల్లి ఇప్పటికీ నావైపు చూడలేదు. పాచిక తీసుకుని గుప్పిట్లో పెట్టుకుంది. ఒక్కసారి చూస్తే చాలు, ఒక్కసారి అక్కా అన్నట్టు కళ్ళెత్తితే చాలు, నాకు ఏం చెయ్యాలో తెలిసేది. అది ఎత్తలేదు.

సగం ఇసుక పడింది. ఒళ్ళో ఉన్న నా చేతుల్లో కుడిచెయ్యి, నేను చెప్పకుండానే, బల్ల మీదికి లేచింది.